గాలి తీశాను, గాలి కొట్టాను

మొన్న దసరాకి పర్లాకిమిడి వెళ్తే, చెదలు పట్టిందేమో చూడమని అత్తయ్య అటక మీదున్న నల్ల ట్రంకుపెట్టె దింపించింది. మూత మీద తెల్ల పెయింటుతో ఇంగ్లీషులో మావయ్య నంబరు, ర్యాంకు, పేరు. పెట్టె అడుగు తుప్పుపట్టి జల్లెడ అయిపోయింది గానీ ఆ అక్షరాలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి. లోపల ఎనామిల్ మగ్గు, మోచేతుల దగ్గర గుడ్డ అతుకులున్న ఆకుపచ్చ స్వెట్టరు, పతకాలు పెట్టుకున్న బిస్కెట్ల డబ్బా, అలహాబాదు నుంచి వచ్చిన పింఛను కాగితాలు, అన్నిటికీ అడుగున సైకిళ్ళ అద్దె పుస్తకాలు. మొత్తం పదకొండు, ఒక్కోదాని అట్ట మీద సంవత్సరం రాసి, పురికొసతో కట్టి. అందులో 1984 పుస్తకం చూడగానే నాకు చెమటలు పట్టాయి. యాభై దాటినవాడికి పాత సైకిల్ పుస్తకం చూసి చెమటలేమిటని నవ్వుతారు, చెప్తాను.

పర్లాకిమిడి తెలియనివాళ్ళకి ఒక ముక్క. మా శ్రీకాకుళం జిల్లా పాతపట్నం పక్కనే, ఒడిశా గజపతి జిల్లాకి కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు వాళ్ళ గంజాం జిల్లాలో ఉండేది. గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఊరు ఒడిశాలో కలిసిందన్న కోపంతో రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతకి అంత కోపమూ లేదు, అంత రైలు చార్జీ కూడా లేదు, ఉండిపోయాడు. అందుకే మా అమ్మ వాళ్ళది ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, సంతరోజు కొండ దిగివచ్చే సవరలతో నాలుగు సవర మాటలు. మావయ్యకి మాత్రం ఈ మూడూ కాక నాలుగో భాష ఒకటుండేది, అది ఆర్మీ హిందీ. తిట్టాలన్నా లెక్కపెట్టాలన్నా అందులోనే.

అమ్మకి సొంత అన్నయ్య ఆయన. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యంలోకి జోరుగా తీసుకుంటున్న రోజుల్లో, 1963లో, పద్దెనిమిది నిండాయో లేదో, ఇంట్లో చెప్పకుండా వెళ్ళి ఛాతీ కొలిపించుకుని వచ్చాడట. మా అమ్మమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదట. మా ఊరి చిన్న రైలు గురించి వినే ఉంటారు, రాజావారి హయాంలో 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా వేసి, 1931కి గుణుపూర్ దాకా పొడిగించిన నారోగేజి రైలు. అది దిగి నడిచి, చింతకాయలు కోసుకుని మళ్ళీ ఎక్కొచ్చనేవాళ్ళు, అంత వేగం. అదెక్కి నౌపడా, అక్కడ పెద్ద రైలెక్కి సికింద్రాబాద్. ఈఎంఈ సెంటర్‌లో ట్రైనింగ్. ఈఎంఈ అంటే తుపాకీ పట్టుకుని ముందుకురికే వాళ్ళు కాదు. ట్యాంకు చెడినా, లారీ ఆగినా, రేడియో మూగబోయినా వెళ్ళి బాగుచేసేవాళ్ళు, బాగుకాకపోతే లాక్కొచ్చేవాళ్ళు. మావయ్య వెహికల్ మెకానిక్. పాకిస్తాన్‌తో 1965 యుద్ధం చూశాడు, 1971 యుద్ధం చూశాడు, 1979లో హవల్దారుగా పింఛనుతో ఇంటికొచ్చాడు.

శక్తిమాన్ లారీ ఇంజను విప్పి బిగించగల మనిషి ఊళ్ళో ఏం పెడతాడు? లారీల షెడ్డు పెడతాడనుకున్నారంతా. బస్సుల ఓనర్లు ఇద్దరు ఇంటికొచ్చి మరీ అడిగారట. ఈయన వచ్చిన గ్రాట్యుటీ డబ్బుతో పన్నెండు సైకిళ్ళు కొని, మెయిన్ రోడ్డు నుంచి సందులోకి తిరిగే మూల మీద రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని, సైకిల్ షాపు పెట్టాడు. "మరీ సైకిళ్ళేటి బావా" అని మా నాన్న అంటే, "సైకిల్‌కి ఇంజను మోత ఉండదు బావా" అన్నాడట, అంతే. నాన్న దాన్ని జోకు అనుకున్నాడు. నేనూ చాలాకాలం జోకే అనుకున్నాను.

బోర్డు మీద ఏ పేరుండేదో ఊళ్ళో ఎవరికీ పట్టదు, అందరికీ అది మిలట్రీ షాపు. ఆ బోర్డుకో కథ ఉంది. ఈఎంఈ వాళ్ళ నినాదం 'కర్మ్ హీ ధర్మ్'. మావయ్య దాన్ని షాపు పేరు కింద ఎర్రక్షరాలతో రాయించాడు. తెలుగులో, ఒడియాలో కూడా. మూడోరోజో నాలుగోరోజో ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చి షాపు ముందు కూర్చుని, "ఇక్కడ ధర్మం చేస్తారంట కదా బాబూ, ఏటి పెడతారు?" అని అడిగింది. ఎవరో బోర్డు చదివి చెప్పి పంపారు పాపం. మావయ్యకి ఏం చెప్పాలో తోచలేదు. ఆమెకి టీ, రెండు బన్నులు ఇప్పించి పంపి, సాయంత్రానికి పెయింటర్ని పిలిపించి కింద ఇంకో లైను రాయించాడు, 'గాలి ధర్మం'. ఆ రోజుల్లో చక్రానికి ఐదు పైసలు తీసుకునేవాళ్ళు గాలికి. మావయ్య షాపులో ఆ రోజు నుంచి షాపు మూసేదాకా గాలికి డబ్బుల్లేవు. పంపు గొలుసుతో స్తంభానికి కట్టి బయటే పెట్టేవాడు, ఎవరి గాలి వాళ్ళే కొట్టుకోవాలి. మిగతా షాపులవాళ్ళు తిట్టుకున్నారు. వ్యాపారంగా చూస్తే అది తెలివైన పని అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది, గాలికొచ్చినవాడు బ్రేకు కట్టలు మార్పించుకోకుండా పోడు. ఆయన ఆ లెక్కతో చేశాడని మాత్రం నేననను.

అద్దె గంటకి పావలా, తర్వాత అర్ధ రూపాయి, నేను పదో తరగతికొచ్చేసరికి రూపాయి అయింది. ప్రతి సైకిల్‌కీ వెనక మడ్‌గార్డు మీద తెల్ల చుక్కలో నంబరు. పుస్తకంలో గళ్ళు: నంబరు, పేరు, ఎవరబ్బాయి, వెళ్ళిన టైము, వచ్చిన టైము, సైకిల్ స్థితి. ఈ ఆఖరి గడి మా పిల్లలకి పెద్ద గండం. సైకిల్ తెచ్చి ఇచ్చాక ఆయన బెల్లు కొట్టి, రెండు బ్రేకులూ నొక్కి, చెయిను చూసి, అప్పుడు "ఓకే" అని రాసేవాడు. పెడలు రబ్బరు ఊడినా రాసేవాడు. తిట్టడు, రాస్తాడు. వచ్చిన టైము గడి ఖాళీగా ఉండగా మాత్రం ఆయన షాపు మూసేవాడు కాదు. రాత్రి తొమ్మిదైనా సరే, అత్తయ్య కబురు మీద కబురు పంపినా సరే, లాంతరు పెట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. లేటుగా వచ్చినవాడి దగ్గర ఎక్స్‌ట్రా తీసుకునేవాడు కూడా కాదు, "వచ్చావు కదా, పో" అనేవాడు. ఇదేం చాదస్తం అని మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్ళం.

షాపు గోడకి ప్లైవుడ్ పలక, దానిమీద ప్రతి స్పానరుకీ, ప్రతి స్క్రూడ్రైవరుకీ నీడలాగా నల్లరంగుతో బొమ్మ. ఏ పనిముట్టు లేకపోయినా ఆ నల్ల నీడ బయటపడి కనిపిస్తుంది. సాయంత్రం ముప్పై రెండూ లెక్క తేలితేనే తాళం. ఒకసారి తొమ్మిదో నంబరు రెంచి దొరక్కపోతే రాత్రి పదకొండింటిదాకా వెతికించాడు, చివరికి అది ఆయన జేబులోనే ఉంది. ఎవరం నవ్వలేదు. ఆయనే కాసేపాగి, "చార్జ్‌షీట్ నామీదే రాయాలి" అన్నాడు, అప్పుడు నవ్వాం.

చలికాలం వచ్చిందంటే ఆయన మహా ఉత్సాహంగా ఉండేవాడు. అటు చంద్రగిరి వైపు 1963 నుంచి టిబెటన్ల కాలనీలున్నాయి కదా, అక్కడి వాళ్ళు పనుల మీద ఊళ్ళోకి వచ్చినప్పుడు షాపు గట్టు మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళ హిందీ వాళ్ళది, ఈయన ఆర్మీ హిందీ ఈయనది. గంటలు గంటలు మంచు గురించి మాట్లాడుకునేవాళ్ళు. వేసవిలో నిమ్మసోడా తాగకుండా నడవలేని ఊళ్ళో, మంచులో డీజిల్ ఎలా గడ్డకడుతుంది, పొద్దున్నే ఇంజను కింద ఎలా వెచ్చబెట్టాలి అని వీళ్ళ చర్చ. వాళ్ళెళ్ళిపోయాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

సరే, 1984. నాకు పదమూడేళ్ళు, తొమ్మిదో తరగతి. ఆగస్టులో ఒక ఆదివారం, పదకొండో నంబరు సైకిల్ రెండు గంటలకని తీసుకుని, పాతపట్నంలో మ్యాట్నీకి పోయాను. ఇంట్లో చెప్పలేదు, మావయ్యకి "గ్రౌండుకి" అని చెప్పాను. అది మొదటి తప్పు. సినిమా హాలు స్టాండులో పెడితే చీటీకి డబ్బులివ్వాలని, ఆ పైసలు మిగిల్చి ఇంటర్వెల్‌లో జంతికలు కొనుక్కోవచ్చని, ఎదురుగా టీ కొట్టు పక్కన గోడకి ఆనించి తాళం వేసి వెళ్ళాను. అది రెండోది. తిరిగొచ్చేసరికి గోడ ఉంది.

ఏడుస్తూ నడుచుకుంటూ వచ్చాను. వర్షం. దారంతా నేను ఆలోచించింది ఒకటే, దొంగ ఆంధ్రాలో ఉన్నాడు, సైకిల్ ఓనరు ఒడిశాలో ఉన్నాడు, మధ్యలో నేనున్నాను. చీకటి పడ్డాక షాపు దగ్గరికి వచ్చేసరికి ఆయన లాంతరు పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. నా వెనక సైకిల్ లేదు. ముందు అడిగింది సైకిల్ గురించి కాదు, "దెబ్బలేమైనా తగిలాయా అల్లుడూ?" అని. లేదన్నాను. తువ్వాలు ఇచ్చాడు. తల తుడుచుకున్నాక, "ఇప్పుడు రిపోర్ట్ చెప్పు" అన్నాడు. చెప్పాను, మొత్తం, జంతికలతో సహా.

మా నాన్నకి చెప్పలేదాయన. పోలీసులకీ చెప్పలేదు. పుస్తకం తీసి లెక్క వేశాడు: పాత సైకిల్, ఖరీదు 240 రూపాయలు, ఆదివారం పనికి రోజుకి 4 రూపాయలు, అరవై ఆదివారాలు. "సెలవు కావాలంటే ముందు చెప్పాలి, చెప్పకుండా ఎగ్గొడితే ఆ వారం లెక్కలోకి రాదు" అన్నాడు. సంతకం పెట్టించుకున్నాడు నాతో. పదమూడేళ్ళకి నా మొదటి సంతకం అది, మా ఇంటిపేరులో వొత్తు మర్చిపోయాను.

అలా నేను పంక్చర్లు నేర్చుకున్నాను. టైరుని రిమ్ము మీదనుంచి తీయడానికి స్పానర్లు వాడితే ఆయనకి ఒళ్ళుమండేది, ట్యూబు నొక్కుకుపోతుందని. బొటనవేళ్ళతోనే తీయాలి. ట్యూబులో గాలి నింపి తొట్టిలో ముంచి, నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒకచోట చిన్న చిన్న బుడగలు వరసగా లేస్తాయి. అక్కడ వేలు పెట్టి, గాలి తీసి, గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్దాలి, నల్లటి రబ్బరు బూడిదరంగుకి తిరిగేదాకా. సొల్యూషన్ పూసిన వెంటనే ప్యాచ్ వేయకూడదు. అందరూ చేసే తప్పు అదే. వేలి వెనకవైపు తాకిస్తే అంటుకోనంతగా ఆరాలి, అప్పుడు వేసి, చెక్క సుత్తితో మధ్యలోంచి అంచులకి కొట్టాలి. ఇంతా అయ్యాక టైరు లోపలంతా చేత్తో తడమాలి, ముల్లు ఇంకా అక్కడే ఉంటుంది కదా. ముల్లు తీయకుండా ప్యాచ్ వేసేవాళ్ళని ఆయన మనుషులుగా లెక్కపెట్టేవాడు కాదు.

బెండు తీయడం మాత్రం నాకు ఆఖరిదాకా రాలేదు. చక్రాన్ని తలకిందులు సైకిల్‌లో తిప్పి, సుద్దముక్క రిమ్ము దగ్గర పట్టుకుంటే వంకర ఉన్నచోట గీత పడుతుంది. అది నేనూ చేయగలను. తర్వాత ఆయన కళ్ళు మూసుకుని ఒక్కో స్పోకునీ గోరుతో మీటేవాడు. బిగువున్నది టింగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. శ్రుతి చూసుకుంటున్నట్టు. "విన్నావా, ఈ పదిహేనోది అబద్ధం చెప్తోంది" అనేవాడు. నాకు అన్నీ ఒకేలా వినపడేవి.

ఆ ఆదివారాల్లోనే ఒకటి. వాన, కరెంటు లేదు, గిరాకీ లేదు. బిస్కెట్ డబ్బాలో పశ్చిమీ స్టార్, అంటే 1971 యుద్ధంలో పడమటి సరిహద్దున పనిచేసినవాళ్ళకిచ్చిన పతకం, నేను అంతకుముందే చూసి ఉన్నాను. ఆ యుద్ధంలో మనం గెలిచిన డిసెంబరు 16 గురించి స్కూల్లో చెప్పారు కూడా. అడిగేశాను, "యుద్ధంలో ఏం చేశావు మావయ్యా?" అని. నేను తుపాకులు, ట్యాంకులు అనుకుంటున్నాను.

"గాలి తీశాను, గాలి కొట్టాను" అన్నాడు.

రాజస్థాన్ ఎడారిలో ఉన్నాడట 1971 డిసెంబరులో. ఇసుకలో లారీ దిగబడకుండా ఉండాలంటే టైర్లలో గాలి తగ్గించాలి. అప్పుడు టైరు ఒంటె పాదంలా వెడల్పై ఇసుక మీద తేలుతుంది. తిరిగి గట్టి నేల మీదికొచ్చాక మళ్ళీ కొట్టాలి, లేకపోతే టైరు చీలికలైపోతుంది. రాత్రిపూట లైటు వెయ్యకూడదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే వాల్వు ఎక్కడుందో తడుముకుంటూ, ఒక చక్రం తర్వాత ఒక చక్రం. సుయ్‌మనే చప్పుడు తప్ప ఇంకేం ఉండదట. బండి కదిలేముందు డ్రైవరు చెయ్యి ఊపుతాడట గానీ చీకట్లో చెయ్యి కనపడదు, మాట వినపడుతుంది. ఇదంతా చెప్తూ చేతిలో ఉన్న వాల్వు ట్యూబుని వేలితో లాగుతూ వదులుతూ ఉన్నాడు. తర్వాత తొట్టిలో నీళ్ళకేసి చూస్తూ అన్నాడు, "ఒక రాత్రి పదకొండు బండ్లకి గాలి తీశాను అల్లుడూ. పొద్దున్న తొమ్మిది బండ్లకే కొట్టాను."

అంతే. లేచి ఫ్రీవీలు ఏదో విప్పడం మొదలుపెట్టాడు. నేను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

1986 జూన్‌లో పదో తరగతి అయ్యాక నన్ను చదువుకి విశాఖపట్నం పంపేశారు. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, అందరికీ అయ్యేవే, పర్లాకిమిడి ఏడాదికోసారి, రెండేళ్ళకోసారి అయిపోయింది. మోపెడ్లు వచ్చాక అద్దె సైకిళ్ళు అడిగేవాడు లేకపోయాడు. పన్నెండు ఆరై, ఆరు రెండయ్యాయి. నేర్చుకోవాలంటే మోపెడ్లు ఆయనకెంత పని? చెయ్యనన్నాడు. కొడుకులిద్దరూ దీనికోసం ఆయనతో ఏళ్ళ తరబడి గొడవపడ్డారు, వాళ్ళ కోపం తప్పని కూడా నేననలేను, ఇంటి ఖర్చు పింఛను మీదే నడిచింది చాలాకాలం. తర్వాత బడిపిల్లలకి గవర్నమెంటు సైకిళ్ళివ్వడం మొదలయ్యాక కొంచెం ఊపిరొచ్చింది. పిల్లలకి కొత్త సైకిల్ అన్న సంబరమే గానీ నట్లు వదులుగా ఉంటాయని తెలీదు కదా. ఆడపిల్లలు గుంపులుగా వచ్చి వరసలో నిలబడేవాళ్ళు, ఈయన ఒక్కో సైకిలూ బిగించి పంపేవాడు. కొందరి దగ్గర డబ్బులు తీసుకునేవాడు, కొందరి దగ్గర లేదు, ఏ లెక్కనో తెలీదు.

ఏటా నవంబరులో బతికున్నానని బ్యాంకులో సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి ఇస్త్రీ బట్టలు, పాలిష్ బూట్లు. "ఈయేడు వెళ్ళకపోతే అలహాబాదోళ్ళు చంపేస్తారు అల్లుడూ" అని ఫోన్లో నవ్వేవాడు. 2015లో వన్ ర్యాంక్ వన్ పెన్షన్ వచ్చి బకాయిలు అందితే అత్తయ్య గాజులు చేయించుకుందామంది, ఈయన షాపు రేకులు మార్పించాడు. ఆ కొత్త రేకులు మూడేళ్ళు తిరక్కుండా 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఎత్తుకుపోయింది. ఒక రేకు మాత్రం నాలుగిళ్ళ అవతల కొబ్బరిచెట్టుకి చుట్టుకుని దొరికిందట. అత్తయ్య ఇప్పటికీ, "నా గాజులు ఆ సెట్టుకి ఏలాడినాయి" అంటుంది.

అక్టోబరు 15 ఈఎంఈ వాళ్ళ దినం. ప్రతి ఏడూ ఆ రోజు సగం పూట షాపు మూసి బూందీ పంచేవాడు. ఆ ఏడు కరెంటు లేదు, పాలు లేవు, బూందీ ఎక్కడిది? నాకు ఫోను కలిసేసరికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఏం చేస్తున్నావు మావయ్యా అంటే, బురదలో మునిగిన సైకిళ్ళు జనం తెచ్చి పడేశారు, హబ్బులు విప్పి కడిగి గ్రీజు పెడుతున్నాను అన్నాడు. డెబ్భై దాటిన మనిషి, పైకప్పు లేని షాపులో. డబ్బులడిగితే పుస్తకంలో రాశానన్నాడు.

2021 సంక్రాంతి వెళ్ళాక పోయాడు, నిద్రలోనే. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. స్పానర్ల పలక ఒకటి కొడుకు తీసుకెళ్ళి హాల్లో గోడకి పెట్టుకున్నాడు, బాగానే ఉంది చూడ్డానికి. షాపు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

ఇక ఆ పుస్తకం. దసరా మధ్యాహ్నం అత్తయ్యా నేనూ వసారాలో కూర్చుని విప్పాం. ఆగస్టు పేజీలో పదకొండో నంబరు, నా పేరు, ఎవరబ్బాయి అన్న గడిలో "మా చెల్లెలి కొడుకు", వెళ్ళిన టైము 1:40. వచ్చిన టైము గడిలో ముందు ఏమీ లేదు, తర్వాత వేరే సిరాతో, రాత్రి 8:10. స్థితి గడిలో "మనిషి ఓకే". సైకిల్ గురించి ఒక్క అక్షరం లేదు.

పుస్తకం ఆఖర్న నా ఆదివారాల పట్టీ ఉంది. ఐదేసి గీతలు, అడ్డగీత, ఐదేసి గీతలు, అడ్డగీత. లెక్కపెట్టాను, యాభై ఏడు. కింద ఆయన చేతిరాత, "బాకీ 3. చదువుకి పోయినాడు."

"ఇంకా మూడు ఆదివారాలు బాకీ ఉన్నానంట అత్తయ్యా" అన్నాను, గొంతు సరిగ్గా రాలేదు.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం నా చేతిలోంచి లాక్కుంది, వేలితో గీతలు ఒక్కొక్కటే తడుముతూ చూసింది. "మూడేటి? నాలుగు. ఎనబై అయిదు దసరాకి సెప్పకుండా ఎగ్గొట్టి పేరంటానికి పోనావు మీ యమ్మతోటి, ఆయన గీత పెట్టేసినాడు నీ మీద జాలికి. నాకు గుర్తు లేదనుకుంటన్నావేటి?"